శరదృతువు గాలులు – ఆరుబయట ఆటలు
కుటుంబాల కోసం ఆరోగ్య పాఠం



వానలు తగ్గుముఖం పట్టి ఆకాశం తేటపడగానే పిల్లలకు బయటికి వెళ్లాలనిపిస్తుంది. దసరా సెలవులు, దీపావళి, కార్తీక మాసపు సముద్ర స్నానాలు, వనభోజనాలు అన్నీ ఈ రెండు నెలల్లోనే వస్తాయి. మైదానాల్లో క్రికెట్ మొదలవుతుంది. చెరువుల్లో, సముద్రంలో ఈత కొట్టేవారు, పడవ షికారుకు వెళ్లేవారు పెరుగుతారు. విశాఖపట్నం రుషికొండ వంటి చోట్ల అలలపై పలకతో ఆడే సర్ఫింగ్, తెరచాప కట్టిన పలకపై నిలబడి గాలితో సాగే విండ్‌సర్ఫింగ్ మీద యువకులకు ఆసక్తి పెరిగింది.

ఇవన్నీ ఆరోగ్యానికి మంచివే. శరీరానికి వ్యాయామం, మనసుకు ఉల్లాసం దొరుకుతాయి. అయితే మన తీరంలో ఏడాది మొత్తంలో గాలి దిశ మారేది, పెద్ద తుపానులు ఎక్కువగా వచ్చేది కూడా ఈ కాలంలోనే. నీళ్లలో మునిగినవారిని, పిడుగుపాటుకు గురైనవారిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు వెంట వచ్చిన కుటుంబసభ్యులు తరచుగా అనే మాట ఒకటుంది: "అప్పటిదాకా వాతావరణం బాగానే ఉందమ్మా!" ఆ మాట నిజమే. కానీ గాలి, మబ్బు, అల ముందుగానే కొన్ని గుర్తులు చూపిస్తాయి. వాటిని చదవడం ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఈ పాఠంలో మనం నాలుగు విషయాలు తెలుసుకుందాం.
1. ఈ ఋతువులో గాలి ఎలా మారుతుంది?
2. వాతావరణ సూచనను ఎలా అర్థం చేసుకోవాలి?
3. నీటిలో, మైదానంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
4. ప్రమాదం జరిగితే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

గాలి ఎందుకు మారుతుంది?

జూన్ నుండి సెప్టెంబరు వరకు మనకు నైరుతి గాలులు వీస్తాయి. సెప్టెంబరు చివరికి సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు. ఉత్తర భారతదేశపు నేల త్వరగా చల్లబడుతుంది. సముద్రం మాత్రం అంత త్వరగా చల్లబడదు. నేల మీద గాలి బరువెక్కి పీడనం పెరుగుతుంది, వెచ్చని సముద్రం మీద పీడనం తక్కువగా ఉంటుంది. ఎక్కువ పీడనం ఉన్న చోటి నుండి తక్కువ పీడనం ఉన్న చోటికి గాలి వీస్తుంది. అందువల్ల అక్టోబరు మధ్య నాటికి గాలి దిశ తిరగబడి ఈశాన్యం నుండి రావడం మొదలవుతుంది.

తెలంగాణలో ఈ గాలి పొడిగా, ఉదయం చల్లగా ఉంటుంది. కోస్తాలో అలా కాదు. బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి తేమను మోసుకొస్తుంది. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలకు ఏడాది వర్షంలో ఎక్కువ భాగం అక్టోబరు నుండి డిసెంబరు లోపలే పడుతుంది. కాబట్టి హైదరాబాదులో ఎండగా ఉందని బయలుదేరిన కుటుంబం నెల్లూరు తీరంలోనూ అలాగే ఉంటుందని అనుకోకూడదు. మీరు బయలుదేరే ఊరి వాతావరణం కాక, వెళ్లే ఊరి వాతావరణం అడిగి తెలుసుకోండి.

గాలి ఏ వైపు నుండి?

గాలికి అది వచ్చే దిక్కును బట్టి పేరు పెడతారు. తూర్పు గాలి అంటే తూర్పు నుండి వచ్చేది. సముద్రతీరంలో ఈ దిక్కు తెలియడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

తెల్లవారుజామున నేల సముద్రం కంటే చల్లగా ఉంటుంది కాబట్టి గాలి నేల నుండి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడు ఒడ్డు దగ్గర నీరు ప్రశాంతంగా, అద్దంలా కనిపిస్తుంది. చూసేవారికి ఇదే క్షేమమైన సమయం అనిపిస్తుంది. కానీ గాలి నింపిన ట్యూబు మీద, పరుపు మీద, పలక మీద తేలుతున్న పిల్లవాణ్ణి ఈ గాలి మెల్లగా లోపలికి తోసుకుపోతుంది. ఒడ్డు నుండి దూరమయ్యే కొద్దీ గాలి బలం పెరుగుతుంది. తిరిగి రావాలంటే గాలికి ఎదురుగా చేతులతో తెడ్డు వేయాలి. పిల్లల బలం దానికి చాలదు. అందుచేత గాలి నేల మీద నుండి వీస్తున్నప్పుడు తేలే వస్తువులతో సముద్రంలోకి దిగనివ్వకండి.

పొద్దెక్కి నేల వేడెక్కిన తరువాత గాలి సముద్రం నుండి నేల వైపు తిరుగుతుంది. అలలు పెరుగుతాయి కానీ, తేలే వస్తువును ఈ గాలి ఒడ్డుకే తెస్తుంది.

ఈశాన్య గాలి మన తీరానికి చాలా చోట్ల పక్కవాటుగా వీస్తుంది. అప్పుడు స్నానం చేసేవారు తమకు తెలియకుండానే దక్షిణం వైపు జరిగిపోతుంటారు. తల ఎత్తి చూస్తే బట్టలు పెట్టుకున్న చోటు ఎక్కడో ఉంటుంది. ఒడ్డున ఒక గుర్తు, అంటే ఒక జెండా గాని, ఒక చెట్టు గాని పెట్టుకొని ఐదు నిమిషాలకొకసారి చూసుకోవాలి. గుర్తు పక్కకు జరిగిపోతుంటే బయటికి వచ్చి, నడిచి, మళ్లీ మొదటి చోటుకు చేరాలి.

గాలి బలాన్ని కంటితో కొలవడం

యంత్రం లేకుండానే చెట్టును, నీటిని చూసి గాలి వేగాన్ని అంచనా వేయవచ్చు. బ్యూఫోర్ట్ కొలమానం అనే పద్ధతి ఇదే.

* ఆకులు గలగలలాడతాయి, ముఖానికి గాలి తగులుతుంది: గంటకు 6 నుండి 11 కిలోమీటర్లు. పిల్లల ఆటలకు హాయి.
* ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతాయి. నీటిపై అక్కడక్కడ తెల్లని నురుగు కనిపిస్తుంది: 12 నుండి 19 కిలోమీటర్లు. తెరచాప ఆట కొత్తగా నేర్చుకునేవారు ఇంతకు మించిన గాలిలో దిగకూడదు.
* దుమ్ము, కాగితాలు లేస్తాయి, చిన్న కొమ్మలు ఊగుతాయి: 20 నుండి 28 కిలోమీటర్లు. అనుభవం ఉన్నవారికి మాత్రమే. ఉబ్బసం ఉన్నవారు దుమ్ము లేచే మైదానానికి దూరంగా ఉండాలి.
* చిన్న చెట్లు మొత్తంగా ఊగుతాయి: 29 నుండి 38 కిలోమీటర్లు. చిన్న పడవలు, చెరువు షికార్లు మానాలి.
* పెద్ద కొమ్మలు ఊగుతాయి, గొడుగు పట్టుకోవడం కష్టం: 39 నుండి 49 కిలోమీటర్లు. నీటి ఆటలన్నీ ఆపాలి. చెట్ల కింద, ప్రకటన బోర్డుల కింద నిలబడకూడదు.
* చెట్లు పూర్తిగా ఊగుతాయి, ఎదురు నడవడం కష్టం: 50 నుండి 61 కిలోమీటర్లు. ఇంట్లోనే ఉండాలి.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి. గాలి వేగం రెట్టింపు అయితే దాని తోపు నాలుగు రెట్లు అవుతుంది. 20 కిలోమీటర్ల గాలిలో తెరచాపను సులువుగా పట్టుకున్న కుర్రవాడు 40 కిలోమీటర్ల గాలిలో రెండింతలు కాదు, నాలుగింతల బలాన్ని ఎదుర్కోవాలి. "నిన్న బాగానే ఆడాను కదా" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

సముద్ర వాతావరణ వార్తల్లో వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. నాట్ల సంఖ్యను రెట్టింపు చేస్తే దాదాపు కిలోమీటర్లు వస్తాయి.

వాతావరణ సూచనను ఎలా వినాలి?

భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా నాలుగు రంగులతో హెచ్చరికలు ఇస్తుంది.

* ఆకుపచ్చ: హెచ్చరిక లేదు.
* పసుపు: గమనిస్తూ ఉండండి.
* నారింజ: సిద్ధంగా ఉండండి. ప్రయాణాలు, విహారాలు వాయిదా వేసుకోవాలి.
* ఎరుపు: వెంటనే చర్య తీసుకోండి. బయటి పనులన్నీ ఆపి సురక్షిత స్థలంలో ఉండాలి.

వర్షం గురించి చెప్పే మాటలకు కూడా కచ్చితమైన అర్థం ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుండి అతి భారీ వర్షం, 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. "భారీ" అన్నారంటే వాగులు, కల్వర్టులు పొంగే అవకాశం ఉందని అర్థం. వనభోజనానికి వాగు పక్కన చోటు ఎంచుకున్నవారు ఎగువ ప్రాంతపు వర్షం గురించి కూడా అడగాలి. మీ నెత్తిన చినుకు పడకపోయినా పైనుండి వరద రావచ్చు.

సముద్రం గురించి హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అలల ఎత్తును, ఉప్పెన అలలను ముందుగా తెలియజేస్తుంది. దీన్నే ఇన్‌కాయిస్ అంటారు. పిడుగుల సమాచారానికి "దామిని" అనే మొబైల్ యాప్ ఉంది. ఇవేవీ మీ దగ్గర లేకపోతే ఒక సులువైన మార్గం ఉంది. ఒడ్డున ఉన్న మత్స్యకారులను అడగండి. వాళ్లు పడవలను పైకి లాగి పెట్టుకున్న రోజున మీరు నీళ్లలోకి దిగవద్దు.

తుపాను నెలలు

మన పెద్దలు చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు దాటేదాకా సముద్రాన్ని నమ్మకూడదనేవారు. అవి సుమారు అక్టోబరు 10 నుండి నవంబరు మూడో వారం వరకు వచ్చే రోజులు. చరిత్ర వారి మాటను బలపరుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను తీసింది. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను ముంచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని తాకాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది.

వార్తల్లో వినే మాటలు ఒక క్రమంలో ఉంటాయి. మొదట అల్పపీడనం. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 నుండి తుపాను, 89 నుండి తీవ్ర తుపాను, 118 నుండి అతి తీవ్ర తుపాను. తుపాను తీరం నుండి వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే పెద్ద అలలు ముందుగా ఒడ్డుకు చేరతాయి. పైన ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి కూడా పెద్దగా ఉండదు, కానీ అలలు మాత్రం మామూలు కంటే ఎత్తుగా, ఎడం ఎడంగా వచ్చి బలంగా విరుగుతుంటాయి. ఇలాంటి రోజున ఫొటోల కోసం రాళ్ల మీద నిలబడినవారిని ఒక్క అల ఈడ్చుకుపోతుంది. వాయుగుండం అనే మాట వినగానే సముద్ర విహారం రద్దు చేసుకోండి.

మరొక మాట. తుపాను కన్ను మన ఊరి మీదుగా వెళితే మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. తుపాను పోయిందనుకుని జనం బయటికి వస్తారు. కొంతసేపటికి ఎదురు దిక్కు నుండి అంతే బలంగా గాలి మొదలవుతుంది. అప్పటికే సగం వంగిన చెట్లు, వదులైన రేకులు ఈ రెండో గాలికి పడతాయి. అధికారులు చెప్పేవరకు బయటికి రాకూడదు.

లోపలికి లాగే ప్రవాహం

ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక సన్నని దారి చేసుకుంటుంది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. అది నీటి అడుగుకు లాగదు, లోతుకు, దూరానికి తీసుకుపోతుంది. దాన్ని గుర్తుపట్టడం ఇలా: రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక చోట మాత్రం అలలు లేకుండా, నీరు ముదురు రంగులో, నునుపుగా కనిపిస్తుంది. ఈత రానివారు "ఇక్కడ అలలు లేవు, ఇదే మంచి చోటు" అని సరిగ్గా అక్కడే దిగుతారు.

అందులో చిక్కుకుంటే ఏం చేయాలో పిల్లలకు ఇంట్లోనే నేర్పండి.
1. కంగారు పడకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి తీసుకోవాలి.
2. ఒడ్డు వైపు నేరుగా ఈదకూడదు. ప్రవాహం మంచి ఈతగాడి కంటే వేగంగా ఉండవచ్చు. ఎదురీదినవారు అలసిపోయి మునుగుతారు.
3. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. అలలు విరిగే చోటు చేరాక, వాటితో పాటు ఒడ్డుకు రావాలి.
4. ఈదలేకపోతే తేలుతూ ఒక చెయ్యి పైకెత్తి ఊపాలి.

తెరచాప, పలక ఆటలు ఆడేవారికి

మీ ఇంట్లో యువకులు విండ్‌సర్ఫింగ్ వంటి ఆటలు నేర్చుకుంటుంటే వద్దని కోప్పడటం కంటే ఈ నియమాలు అడగడం మంచిది.

* ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకున్నాడా?
* పలకను కాలికి కట్టే తాడు తెగిపోకుండా ఉందా?
* ఎప్పుడు తిరిగి వస్తాడో ఒడ్డున ఒకరికి చెప్పాడా? ఆ సమయానికి రాకపోతే ఎవరికి ఫోను చేయాలో ఆ వ్యక్తికి తెలుసా?
* తోడు ఎవరైనా ఉన్నారా?
* గాలి నేల నుండి సముద్రం వైపు వీస్తోందా? అయితే ఆ రోజు మానాలి.

తెరచాప విరిగినా, గాలి ఆగిపోయినా పలకను వదలి ఈదుతూ రాకూడదు. పలక తేలుతుంది. దూరం నుండి వెతికేవారికి మనిషి తల కనిపించదు, పలక కనిపిస్తుంది.

ఒంటిపై తడి బట్టలతో గాలిలో ఉంటే శరీరపు వేడి త్వరగా పోతుంది. మన ప్రాంతంలో చలి లేదు కదా అనుకోవద్దు. గంటల తరబడి తడిసిన పిల్లలకు వణుకు, పెదవులు నీలం రంగు కావడం, మాట తడబడటం కనిపిస్తే బయటికి తీసుకొచ్చి, తడి బట్టలు తీసి, పొడి దుప్పటి కప్పి, మెలకువగా ఉంటే గోరువెచ్చని తియ్యని పానీయం ఇవ్వాలి. మరోవైపు మధ్యాహ్నం గాలి చెమటను వెంటనే ఆర్పేస్తుంది కాబట్టి దాహం తెలియదు. గంటకొకసారి నీళ్లు తాగించండి.

పిడుగులు

వానాకాలం వెళ్లిపోయే రోజుల్లో మధ్యాహ్నం తరువాత ఉరుముల వానలు సామాన్యం. ఉక్కగా ఉన్న సమయంలో ఒక్కసారిగా చల్లని గాలి విసురుగా తగిలితే అది మబ్బు లోపలి నుండి కిందికి దిగిన గాలి. పిడుగుల మబ్బు కొద్ది నిమిషాల్లో మీ మీదికి వస్తుందని దాని అర్థం. చెరువులో ఉన్న పడవను తలకిందులు చేసేది కూడా ఈ విసురే.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేవరకు సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే ఆట ఆపి పక్కా భవనంలోకి గాని, తలుపులు మూసిన కారులోకి గాని వెళ్లాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి. "ఈ ఒక్క ఓవర్ అయిపోనీ" అనకూడదు. చెట్టు కింద, పొలంలోని పంపు సెట్టు దగ్గర, విద్యుత్ స్తంభం పక్కన, నీటిలో ఉండకూడదు. అందరూ ఒకచోట గుమికూడకూడదు.

పిడుగు పడిన మనిషి ఒంట్లో విద్యుత్తు నిలిచి ఉండదు. ముట్టుకుంటే మీకేమీ కాదు. ఈ అపోహ వల్లనే విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకుండా పడి ఉన్నవారికే ముందుగా సహాయం చేయండి. వెంటనే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఇస్తే వారిలో చాలామంది బతికే అవకాశం ఉంటుంది.

మునుగుతున్నవారిని కాపాడటం

మునిగేవారు సినిమాల్లోలా కేకలు వేయరు. నోరు నీటి అంచున ఉంటుంది, తల వెనక్కి వాలుతుంది, చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి, మాట రాదు. ఒక నిమిషం లోపే మునిగిపోవచ్చు. అల్లరి చేస్తున్న పిల్లవాడు ఒక్కసారిగా నిశ్శబ్దమైతే వెంటనే చూడండి.

మన దగ్గర ఒకరి కోసం ఒకరు దూకి ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు మునిగిపోవడం జరుగుతోంది. తల్లిదండ్రుల ప్రేమను ఎవరూ కాదనలేరు. కానీ ఈత రాని తండ్రి దూకితే ఆసుపత్రికి వచ్చేది ఇద్దరు. ముందు సహాయం కోసం కేక వేయండి. తరువాత ఒడ్డు నుండే కర్ర, చీర, తువ్వాళ్లు ముడివేసిన తాడు అందించండి. అందకపోతే మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, బంతి, ట్యూబు వంటి తేలే వస్తువు విసరండి. వనభోజనానికి వెళ్లేటప్పుడు ఒక పొడవాటి తాడు, ఒక ఖాళీ క్యాను బండిలో వేసుకోవడం ఖర్చులేని జాగ్రత్త.

ప్రథమ చికిత్స

నీటి నుండి తీసిన వెంటనే:
1. భుజం తట్టి పిలవండి. పలకకపోతే ఒకరు 108కి ఫోను చేయాలి.
2. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నుదురు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తండి. పది సెకన్ల లోపు ఊపిరి ఉందో లేదో చూడండి.
3. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండుసార్లు ఊపిరి ఊదండి. ఛాతీ పైకి లేవాలి. మునిగినవారికి ముందు కావలసింది ఇదే, ఎందుకంటే వారి గుండె ఆగేది ప్రాణవాయువు అందకనే.
4. తరువాత ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి 30 సార్లు నొక్కండి. నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగం, పెద్దవారికి 5 నుండి 6 సెంటీమీటర్ల లోతు. చిన్న పిల్లలకు ఛాతీ మందంలో మూడోవంతు.
5. 30 నొక్కులు, 2 ఊపిరులు. అంబులెన్సు వచ్చేవరకు ఆపకండి. అలసిపోతే మరొకరు అందుకోవాలి.
6. వాంతి అయితే పక్కకు తిప్పి నోరు శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. నురుగు వస్తుంటే దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు.

చేయకూడనివి: కాళ్లు పట్టుకొని తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకొని గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. పొట్టలోని నీటితో ప్రాణం పోదు. పొట్ట నొక్కితే అందులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి హాని జరుగుతుంది, అమూల్యమైన సమయమూ పోతుంది.

"బాగానే ఉన్నాడు" అని ఇంటికి తీసుకుపోకండి

ఒక కార్తీక ఆదివారం పదిహేనేళ్ల బాబును సముద్రం నుండి కాపాడారు. లేచి కూర్చున్నాడు, మాట్లాడాడు, సిగ్గుపడి నవ్వాడు కూడా. ఇంటివాళ్లు ఊరు చేరాలన్న తొందరలో ఉన్నారు. వెంట వచ్చిన మేనత్త మాత్రం దగ్గు ఆగడం లేదని పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకొచ్చింది. రెండు గంటల తరువాత అతని ఊపిరి వేగం పెరిగింది, ప్రాణవాయువు తగ్గింది. ఆక్సిజన్ పెట్టి రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నాం. మూడో రోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. అదే సమయంలో అతను బస్సులో నిద్రపోతూ ఉంటే ఎవరు గమనించేవారు?

ఊపిరితిత్తుల్లోకి చేరిన కొద్దిపాటి నీరు కూడా అక్కడి పొరను దెబ్బతీసి, కొన్ని గంటల్లో వాపు తెస్తుంది. కాబట్టి నీళ్లు మింగి దగ్గినవారు, కాసేపైనా స్పృహ తప్పినవారు, నీటిలో ఊపిరి ఇవ్వవలసి వచ్చినవారు తప్పకుండా ఆసుపత్రికి రావాలి. ఆరు నుండి ఎనిమిది గంటలు గమనించి వైద్యులు పంపిస్తారు. ఆగని దగ్గు, ఆయాసం, మగత, నోటి నుండి నురుగు ప్రమాద సూచనలు.

అనారోగ్యం ఉన్నవారి విషయంలో

* మూర్ఛ వ్యాధి: మందులు వాడుతున్నా ఒంటరిగా నీటిలోకి దిగకూడదు. నీటిలో మూర్ఛ వస్తే మునగడానికి కొద్ది క్షణాలు చాలు. పక్కన ఈత వచ్చిన మనిషి ఉండాలి.
* ఉబ్బసం: ఈదురుగాలి, దుమ్ము, ఉరుముల వాన, తెల్లవారుజాము చలి ఆయాసాన్ని రేపవచ్చు. ఇన్‌హేలరు జేబులో ఉండాలి, బస్సులోని సంచిలో కాదు.
* మధుమేహం: ఇన్సులిన్ తీసుకొని ఖాళీ కడుపుతో ఆటకు వెళ్లకూడదు. చక్కెర తగ్గితే వణుకు, చెమట, తికమక వస్తాయి. గ్లూకోజు దగ్గర ఉంచుకోవాలి. ఒట్టి కాళ్లతో ఇసుకలో నడవకూడదు.
* గుండె జబ్బు, అధిక రక్తపోటు: నడకను తెల్లవారుజాము చలిలో కాక, ఎండ వచ్చాక మొదలుపెట్టండి. ఎదురుగాలిలో నడక గుండెకు అదనపు పని.
* ఆపరేషన్ అయినవారు: గాయం పూర్తిగా మానేవరకు సముద్ర స్నానం, చెరువు స్నానం వద్దు. ఎప్పటి నుండి చేయవచ్చో డిశ్చార్జి రోజునే అడగండి.
* మద్యం తాగినవారిని నీటి దగ్గరకు రానివ్వకండి. ఈత వచ్చినవారు కూడా తాగి దిగితే మునుగుతారు.

బయలుదేరే ముందు

1. వెళ్లే ఊరి హెచ్చరిక రంగు చూశారా?
2. అల్పపీడనం, వాయుగుండం వార్తలు ఉన్నాయా?
3. గాలి ఏ వైపు నుండి వీస్తోంది?
4. నీటి దగ్గర ఒక్కొక్క పిల్లవాడిని చూసే బాధ్యత ఎవరిది? "అందరూ చూస్తారు" అంటే ఎవరూ చూడరని అర్థం. పేరు పెట్టి చెప్పండి.
5. తాడు, తేలే వస్తువు, మంచినీళ్లు, పొడి బట్టలు, మందులు తీసుకున్నారా?
6. అంబులెన్సు 108, అత్యవసర సహాయం 112, విపత్తుల నియంత్రణ గది 1070 నంబర్లు ఫోనులో ఉన్నాయా?

కుటుంబంలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. నీరు ప్రశాంతంగా ఉన్న ఉదయం వేళ ట్యూబు మీద తేలడం ఎందుకు ప్రమాదం?
2. రెండు అలల మధ్య నునుపైన నీరు దేనికి గుర్తు?
3. మెరుపుకు, ఉరుముకు మధ్య 15 సెకన్లు ఉంటే పిడుగు ఎంత దూరంలో ఉంది?
4. తుపాను గాలి ఒక్కసారిగా ఆగితే ఎందుకు బయటికి రాకూడదు?
5. మునిగినవారికి మొదట ఇవ్వవలసింది ఏమిటి?

ఈ పుస్తకాన్ని వార్డులో రోగి పక్కన కూర్చున్న సమయంలో చదువుతున్నారేమో. ఇంటికి వెళ్లాక పిల్లలకు ఈ ఐదు ప్రశ్నలు వేయండి. జవాబులు చెప్పగలిగితే వారిని నిర్భయంగా ఆడుకోనివ్వండి. గాలి, ఎండ, నీరు, ఆట అన్నీ పిల్లలకు అవసరమే. వాటితో పాటు కాస్త తెలివిడి కూడా ఇచ్చి పంపుదాం.